సుభద్ర గారు విని దిద్దిన వాక్యాలు

పొద్దున వైశాలిలో మెట్రో ఎక్కి, రాడ్ పట్టుకుని కళ్ళు మూసుకుంటాను. కాసేపటికి 'దర్వాజే బాయీఁ తరఫ్ ఖులేంగే' అన్న గొంతు చెవిన పడుతుంది. అది వినగానే నాకు సుభద్ర గారు గుర్తొస్తారు. "ఎంత మంచి వాక్యమో చూడు. తలుపులు ఏ పక్క తెరుచుకుంటాయో తెరుచుకోకముందే చెప్పేసింది" అనేవారు. మెట్రో ప్రకటనను అంత ఇష్టంగా మెచ్చుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను వరంగల్ నుంచి చదువు కోసం ఢిల్లీ వచ్చి, మునిర్కాలో గాలి రాని గదిలో అద్దెకుండి, చివరికి నోయిడాలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రుల కోసం ఏఐ ఏజెంట్లు తయారుచేసే కంపెనీ అది. రోగి ఫోన్లో మెసేజ్ పెడితే ఏజెంట్ చదువుతుంది. మేమిచ్చిన టూల్స్‌లో తగినదాన్ని ఎంచుకుని పని చేస్తుంది. ఒక టూల్ అపాయింట్‌మెంట్ ఇస్తుంది, ఇంకొకటి తేదీ మారుస్తుంది. ఏ టూల్ ఏం చేస్తుందో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసిపెట్టడం మా బృందం పని. ఆ నాలుగు వాక్యాలు తప్ప ఏజెంట్‌కు ఆ టూల్ గురించి మరేమీ తెలియదు. మా బృందానికి పెద్ద సుభద్ర గారు. విజయనగరం ఆవిడ. భర్త మూర్తి గారు సైన్యంలో ఉండేవారు కాబట్టి ధౌలా కువాన్ దగ్గర కంటోన్మెంట్ క్వార్టర్లో ఉండేవారు. ముప్పై దాటాక కంటి జబ్బుతో ఆమెకు చూపు పోయింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పని చేసుకునేవారు. అది చదివే వేగానికి నాకైతే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

చేరిన కొత్తలో ఒక టూల్‌కు నేను 'అపాయింట్‌మెంట్లను సమర్థంగా నిర్వహిస్తుంది' అని రాశాను. ఆమె ఇయర్‌ఫోన్‌లో విని నావైపు తిరిగారు.

"నిర్వహించడం అంటే ఏటమ్మా?"

"అంటే... అన్నీ చూసుకుంటది మేడమ్."

"అన్నీ అంటే? కొత్తది ఇస్తుందా, ఉన్నది మారుస్తుందా, తీసేస్తుందా?"

"ఉన్నదాన్ని మారుస్తది."

"మరి ఆ మాటే రాయొచ్చు కదా" అన్నారు. కోపం లేదు, వెటకారమూ లేదు. అయినా నాకు ముఖం చిన్నబోయింది.

ఆ మధ్యాహ్నమే క్యాంటీన్‌కు నా మోచెయ్యి పట్టుకుని వచ్చారు. గుమ్మం దగ్గర నేను "జాగ్రత్త మేడమ్" అన్నాను. ఆమె టక్కున ఆగిపోయారు. వెనక వస్తున్నవాళ్ళు కూడా ఆగారు. "జాగ్రత్త అంటే ఏం చెయ్యమంటావు? ఆగాలా, తల వంచాలా, కాలు ఎత్తాలా?" అని అడిగారు. కిందికి ఒక మెట్టుందని చెప్పాను. హాయిగా దిగి, అప్పుడు నవ్వారు. "నువ్వు ప్రేమగానే చెప్పావు. కానీ నాకు కావలసింది మెట్టు. ఆ ఏజెంట్ కూడా నాలాంటిదే అనుకో. నీ మాట తప్ప దానికి దారి లేదు." చిన్నబోయిన నా ముఖం ఆమెకు ఎలా తెలిసిందో, నా పళ్ళెంలో తన గులాబ్‌జామూన్ కూడా వేయించారు.

కొన్ని నెలలకు ఒక గొడవ వచ్చింది. ఘజియాబాద్‌లో ఉండే ఒక పెద్దాయనకు డయాలసిస్ జరుగుతోంది. 'మంగళవారం రాలేను, పెళ్ళి ఉంది, బుధవారం వస్తాను' అని మెసేజ్ పెట్టాడు. ఏజెంట్ తేదీ మార్చడానికి బదులు మొత్తం రద్దు చేసింది. ఆయనకు కేటాయించిన మంచం వేరే రోగికి వెళ్ళిపోయింది. బుధవారం ఆయన ఆసుపత్రికి వెళ్తే జాబితాలో పేరే లేదు. ఆయన కూతురు మా ఆఫీసుకు ఫోన్ చేసింది. వెంటనే మీటింగ్ పెట్టారు. ఏజెంట్‌ను నడిపించే ఈ ఏఐ మోడల్‌కు తెలివి చాలదు, మార్చేద్దామన్నాడు మేనేజర్.

"మార్చుదాం. ముందు తేదీ మార్చేదీ, రద్దు చేసేదీ, ఆ రెండు టూల్స్ వివరణలు ఎవరైనా పైకి చదవండి" అన్నారు సుభద్ర గారు.

ఒకటి 'రోగి షెడ్యూల్‌లో మార్పులు చేస్తుంది'. రెండోది 'రోగి షెడ్యూల్‌ను అప్‌డేట్ చేస్తుంది'.

"వీటిలో రద్దు చేసేది ఏది?"

అందరం ఆ రెండు వాక్యాలనూ మళ్ళీ చదువుకున్నాం. ఆమె అక్కడే కూర్చుని ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడి, మర్నాడు పొద్దున ఒక మంచం ఖాయం చేయించారు. తర్వాత ఆ కూతురికి చేసి స్పీకర్ పెట్టారు. ఆ అమ్మాయి హిందీలో చెబుతోంది: "ఒళ్ళు ఉబ్బుతుందేమోనని నాన్న నిన్నటినుంచి నీళ్ళు కూడా తాగట్లేదు ఆంటీ. దాహం అంటే చెంచాతో నాలుక తడుపుతున్నాను." సుభద్ర గారు ఫోన్‌కు దగ్గరగా వంగారు. "ఠీక్ హై బేటా, పొద్దున్నే తీసుకెళ్ళు. మంచం ఉంది, నేను మాట్లాడాను" అన్నారు. ఫోన్ పెట్టేశాక నాతో అన్నారు: "రద్దు గురించి నువ్వే రాయమ్మా. ఆ చెంచా మనసులో పెట్టుకుని రాయి."

రాశాను. 'ఇది అపాయింట్‌మెంట్‌ను పూర్తిగా తీసేస్తుంది. ఆ సమయం వెంటనే వేరే రోగికి వెళ్ళిపోతుంది, తిరిగి తేలేం. రోగి రాలేనన్నంత మాత్రాన దీన్ని వాడవద్దు. వేరే రోజు కావాలా అని అడగాలి. కావాలంటే తేదీ మార్చే టూల్ వాడాలి.'

ఆదివారం వాళ్ళ ఇంటికి రమ్మన్నారు. భోజనాలయ్యాక మూర్తి గారిని ఏజెంట్‌గా కూర్చోబెట్టారు. నేను రోగుల మెసేజ్‌లు చదవాలి, ఆయన వివరణలు విని టూల్ పేరు చెప్పాలి. రద్దు దగ్గర ఆయన ఒక్కసారి కూడా తడబడలేదు. రిపోర్టులు పంపే టూల్ దగ్గర మాత్రం వరసగా తప్పు చెప్పారు.

"నాకు నిద్రొస్తోంది సుభద్రా, అందుకే" అన్నారాయన.

"మీ తప్పు కాదండీ. రాసింది సరిగ్గా లేదు." నావైపు తిరిగి, "ఆయన్ని పడుకోనిద్దాం, మనం మళ్ళీ రాద్దాం" అన్నారు. ఆ సాయంత్రం కంటోన్మెంట్ చెట్ల కింద కూర్చుని మేమిద్దరం ఒక్క వాక్యం గురించే మాట్లాడుకున్నాం. ఢిల్లీలో నాకు అంత సుఖంగా గడిచిన సాయంత్రాలు ఎక్కువ లేవు.

మూర్తి గారు రిటైరయ్యాక ఇద్దరూ విజయనగరం వెళ్ళిపోయారు. సాగనంపడానికి స్టేషన్‌కు వెళ్ళాను. ఆయన సామాను సర్దుతుంటే, కిటికీ పక్కన కూర్చున్న సుభద్ర గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇన్నాళ్ళూ అడగలేదు. నువ్వెలా ఉంటావమ్మా?"

"చామనఛాయ. మామూలు ఎత్తు. గుండ్రటి ముఖం."

"ఇలాంటివాళ్ళు ఈ ప్లాట్‌ఫాం నిండా ఉంటారు. నీ ఒక్కదానికే ఉన్నది చెప్పు."

ఆలోచించాను. "ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటది, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ. నవ్వేముందు కింది పెదవి కొరుక్కుంట. ఇప్పుడైతే ఏడుస్తున్న."

"అది వినబడుతోంది. అది రాయక్కర్లేదు" అని నా కనుబొమ్మ మీద వేలితో మెల్లగా రాశారు.

ఇప్పుడు ఆ బృందాన్ని నేనే చూసుకుంటున్నాను. ఆమె నేర్పినది ఆఫీసులో ఎలాగూ పనికొస్తుంది. అది ఇంట్లోకి కూడా వచ్చిందని ఈ మధ్యే గమనించాను. కరీంనగర్ నుంచి మా అక్క ఫోన్ చేసి "ఎట్లున్నవే" అంటే, ఇదివరకు "మంచిగున్న" అనేదాన్ని. అక్క "సరే మరి" అనేది. మాట అక్కడితో అయిపోయేది. ఇప్పుడు బాల్కనీలో ఆరేసిన దుప్పటి గాలికి పక్కింటి వాళ్ళ కుండీల మీద పడిందనీ, దాన్నిస్తూ వాళ్ళు కప్పు చాయ్ కూడా ఇచ్చారనీ, ఆ వేళ ఎవరో ఒకరు నన్ను కూర్చోమనడం ఎంతో బాగుందనీ చెబుతున్నాను. అక్క వెంటనే ఫోన్ పెట్టేయదు. "ఊఁ, తర్వాత?" అంటుంది.