సుబ్బాయమ్మ గొంతు, రేపల్లె టీవీ

తెనాలి మారీసుపేటలో చౌడయ్య టీవీ రిపేరు కొట్టుకు ఒక పేరుంది. పాడైన వస్తువు ఇస్తే రేపు రమ్మంటాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో పైనున్న దేవుడికి కూడా తెలియదు. కానీ ఒకసారి బాగుచేశాడా, ఆ వస్తువు మళ్ళీ ఆ కొట్టు మెట్లెక్కదు. రేడియోలతో మొదలుపెట్టి, నాటకాలకు మైకుసెట్లు కట్టి, టీవీలకొచ్చి, రెండువేల ఆరు నాటికి డీవీడీల దాకా పాకిన మనిషి. చదివింది ఏడో క్లాసు. తన చేతికి లొంగని వస్తువు లోకంలో లేదనుకునేవాడు. ఆ పొగరు దించడానికే అన్నట్టు ఆ వేసవిలో ఒక నల్లపెట్టె వచ్చింది.

తెచ్చింది సుబ్బాయమ్మ. ముప్పై ఏళ్ళు పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడిన సుబ్బాయమ్మే. రెండేళ్ళ కిందట గొంతులో కాన్సరని ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కింది, మాట పోయింది. అప్పట్నుంచీ సంచిలో పలకా బలపమూ వేసుకుని తిరుగుతోంది. పెట్టెను బల్లమీద పెట్టి, పలక మీద రాసి చూపించింది.

"ఇందులో నా పద్యాలున్నాయి. పెట్టె కాలిపోయింది. పద్యాలు తీసిపెట్టు నాయనా."

కథేమిటంటే, అది ఆమె మేనల్లుడు మద్రాసులో కొన్న గేముల పెట్టె. టీవీకి తగిలించి ఆడుకునేది. ఆపరేషన్‌కు ముందు ఇంట్లో కూర్చోబెట్టి ఆమె చేత పద్యాలు పాడించి ఒక సీడీ చేశారు. మేనల్లుడు దాన్ని ఈ పెట్టెలోకి కూడా ఎక్కించాడు. సీడీ నలుగురి చేతులూ మారి రెండు ముక్కలైంది. మొన్న కరెంటు ఎక్కువొచ్చి పెట్టె కాలింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

చౌడయ్య పెట్టెను తన వైపు లాక్కున్నాడు. "మీ నాటకాలకి మైకు కట్టినోణ్ణమ్మా నేను. మీరు రాగం ఎత్తుకుంటే వాల్యూం తగ్గించరా వెధవా అని హార్మోనియం ఆయన నన్ను తిట్టేవాడు. నాకొదిలేయండి, నేను తీసిస్తాగా!" అన్నాడు. ఈసారి రేపు రమ్మనలేదు. తనే ఇంటికి తెస్తానన్నాడు.

పెట్టె విప్పితే లోపల కంప్యూటర్లో ఉండేలాంటి హార్డు డిస్కు కనిపించింది. ఓస్, ఇంతేనా అనుకున్నాడు. సరుకంతా డిస్కులో ఉంటుంది, మిగతాది డొల్ల. ఇంతకుముందు రెండు కంప్యూటర్ల డిస్కులు ఇలాగే ఊడదీసి బతికించాడు మరి. బోర్డు చూస్తే కరెంటు వచ్చే వైపంతా మాడి బొగ్గయింది.

ఇక్కడ ఆ వృత్తిలో వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె మెకానిక్కులు చచ్చిన బోర్డును పారేయరు. ఎవరికి ఏ ముక్క కావాలంటే వాళ్ళకి బస్సులోనో పాసింజరులోనో పంపుకుంటారు. బాపట్ల బర్నబాస్ వారం నుంచీ మెమరీ ఐసీలు కావాలని ఫోన్లు చేస్తున్నాడు. టీవీలో ఛానెళ్ళను గుర్తుపెట్టుకునే ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు అది. ఈ బోర్డు మీద అలాంటిదే ఒకటుంది. చౌడయ్య ఒక్క క్షణం ఆలోచించలేదు. బోర్డును కాగితంలో చుట్టి సోమవారం బాపట్ల బస్సెక్కించేశాడు.

మంగళవారం డిస్కు పట్టుకుని ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు వెళ్ళాడు. అది నడిపే దివ్య అతన్ని బాబాయ్ అంటుంది. డిస్కు తగిలించింది. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టింది, లోపలికి మాత్రం రానివ్వలేదు.

"పాడైందా?"

"లేదు బాబాయ్, బ్రహ్మాండంగా తిరుగుతోంది. తాళం వేసుంది."

చౌడయ్య డిస్కును అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. "తాళమేంటే? కన్నమేదీ?"

దివ్య మధ్యాహ్నం దాకా ఇంటర్నెట్లో ఏవేవో చదివి, పాపం, నాలుగుసార్లు విడమరిచి చెప్పింది. ఈ డిస్కు తన సొంత పెట్టెకు తప్ప ఇంకెవరికీ నోరు విప్పదట. తాళంచెవి అంటే కొన్ని అంకెలట. అవి పెట్టె పెట్టెకూ వేరట. ఆ అంకెల్ని నాలుగు వైర్లతో కంప్యూటర్లోకి చదువుకుంటే డిస్కు తెరుచుకుంటుందట, పద్యాలు ఎన్ని కాపీలైనా చేసుకోవచ్చట.

ఆ అయోమయంలో చౌడయ్యకు ఒక్కటే అర్థమయింది. "అయితే ఆ అంకెలు ఎక్కడుంటాయి తల్లీ?"

"బోర్డు మీద. ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పులో."

చౌడయ్య పైప్రాణాలు పైనే పోయాయి. బోర్డు మాడినా ఆ చిప్పున్న మూల మాడలేదు. తన కళ్ళతో తనే చూశాడు. చూసే పంపాడు!

బర్నబాస్ ఫోను ఎత్తలేదు. దొరికిన రైలెక్కి బాపట్లలో దిగి, కొట్లోకి ఉరికాడు. బోర్డు బల్లమీదే ఉంది. చిప్పు ఉండాల్సిన చోట ఎనిమిది సీసం చుక్కలున్నాయి.

"నిన్న సాయంత్రమే పీకానన్నా," అన్నాడు బర్నబాస్. "పొద్దున రేపల్లె వెళ్ళి ఈశ్వరమ్మగారి టీవీలో వేసొచ్చా. ఏం, మంచిది కాదా? బొమ్మ బ్రహ్మాండంగా వస్తోందే!"

చౌడయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరిని తిట్టాలి? బర్నబాస్ తప్పేముంది? మెమరీ ఐసీ అడిగాడు, తను పంపాడు. టీవీ తన ఛానెళ్ళను ఆ చిప్పులో ఏదో ఒక మూలే రాసుకుంటుందేమో, తాళం అంకెలు ఇంకో మూల మిగిలాయేమో అనుకుంటూ, బర్నబాస్‌కు అప్పుడే దొరికిన కొత్త చిప్పొకటి జేబులో వేసుకుని రేపల్లె బస్సెక్కాడు. దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కాడు, కొందరికి రెండుసార్లు.

ఈశ్వరమ్మ పెనుమూడి రోడ్డులో ఉంటుంది. వెళ్ళేసరికి సీరియల్ చూస్తోంది.

"అయిదు నిమిషాలు టీవీ విప్పాలమ్మా."

"పొద్దున్నేగా బాగుచేశారు? సీరియల్ అయ్యేదాకా ముట్టుకుంటే ఊరుకునేది లేదు. కూర్చో అన్నయ్యా, మజ్జిగ తాగు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆవిడ మధ్యమధ్యలో ఛానెల్ మారుస్తోంది. ఆ మీట నొక్కినప్పుడల్లా సుబ్బాయమ్మ పద్యంలో ఒక పాదం చెరిగిపోతున్నట్టే ఉంది అతనికి. సీరియల్ అయ్యాక పాత చిప్పు తీసి, కొత్తది వేసి, ఛానెళ్ళన్నీ మళ్ళీ వరసగా పెట్టిచ్చి, అగ్గిపెట్టెలో చిప్పు పెట్టుకుని బయటపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే నాలుగు వైర్లూ తనే అతికించాడు. దివ్య కంప్యూటరు తెర మీదకు అంకెలు బారులు తీరి వచ్చాయి. ఆ పిల్ల వాటిని ఇంటర్నెట్లో చూపినవాటితో పోల్చి చూసింది. మళ్ళీ చూసింది. తల పైకెత్తలేదు.

"బాబాయ్, ఇందులో తాళం లేదు. ఛానెళ్ళున్నాయి."

"అంతా పోయిందా? ఒక్క మూలైనా..."

"తాళం ఉండాల్సిన చోటే టీవీ రాసేసింది బాబాయ్." వైర్లు ఊడదీస్తూ మెల్లగా అంది. "డిస్కు పాడైపోయిందని చెప్పేయండి. ఆవిడకెలా తెలుస్తుంది?"

నిజమే, ఎలా తెలుస్తుంది? ఆ వృత్తిలో అది అబద్ధం కిందికి కూడా రాదు. పిక్చర్ ట్యూబు పోయిందండీ, ఐసీ కొట్టేసిందండీ అని చౌడయ్య తన జీవితంలో ఎన్ని వందలసార్లు అనుంటాడు! డిస్కు జేబులో వేసుకుని సుబ్బాయమ్మ ఇంటికి నడిచాడు. గడప తొక్కేదాకా ఆ మాటే నాలిక మీద పెట్టుకున్నాడు. ఆమె ఎదురొచ్చి, రెండు చేతులూ చాచింది.

"డిస్కు బాగానే ఉందమ్మా," అన్నాడు. అనేశాక ఇక ఆపలేకపోయాడు. బోర్డు పంపడం, రేపల్లె టీవీ, సీరియల్, ఛానెళ్ళు అన్నీ చెప్పాడు. "మీ పద్యాలు ఇందులోనే ఉన్నాయి. తాళంచెవి నేను పోగొట్టాను. ఇక తెరుచుకోదమ్మా. బుద్ధి తక్కువైంది. కొట్టినా పడతాను."

సుబ్బాయమ్మ బలపం గోడకేసి కొట్టింది. అది ముక్కలైంది. నోరు తెరిచి ఏదో అనబోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. చౌడయ్య ముప్పై ఏళ్ళ కిందట విన్న గొంతు ఆ నోట్లోంచే వచ్చేది. అతను గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చాలాసేపటికి ఆమె వంగి బలపం ముక్కొకటి ఏరుకుంది. పలక మీద సన్నటి అక్షరాలతో నింపి, అతని ఒళ్ళో పెట్టింది.

"ఆపరేషన్ అయ్యాక అందరూ మాటొస్తుందన్నారు. డాక్టరు, మేనల్లుడు, ఆఖరికి పాలమ్మాయి కూడా. ఒక్కరూ రాదని చెప్పలేదు. రెండేళ్ళు పొద్దున లేవగానే గొంతు సవరించుకుని చూసుకునేదాన్ని."

అతను చదివేదాకా ఆగి, పలక తీసుకుని చెంగుతో తుడిచి మళ్ళీ రాసింది.

"నువ్వు నన్ను ఎదురుచూడమనలేదు. లే, కాళ్ళు కడుక్కో. అన్నం తిని పో."