నటరాజు కాలికింది మనిషి

ధర్మవరంలో మా మేనత్త ముప్పై ఏళ్లు గుంటమగ్గంలో నడుము వంచి కూర్చుని చీరలు నేసింది. అందుకే ఎవరి నడుము నొచ్చినా తట్టుకోలేకపోయేది.

డెబ్బైల చివర్లో మామ చీరలమ్మడానికి కుంభకోణం వెళ్లి, జానెడు పంచలోహ నటరాజును తెచ్చాడు. మేమంతా స్వామి నాట్యం చూసి దండం పెడితే, అత్త ఆయన పాదం కింద బోర్లా పడున్న మరుగుజ్జును చూసింది.

"పాపం, ఎన్నాళ్లనుంచి మోస్తాండాడో!"

మరునాటి నుంచి రోజూ దీపం పెట్టగానే వాడి వీపుకు ఆముదం రాసేది. అవి కరువు రోజులు, మా తలలకు లేని ఆముదం వాడికి దొరికేది. ఏడాది తిరిగేసరికి స్వామి నల్లబడ్డాడు, వాడు మాత్రం నిగనిగలాడాడు.

శివరాత్రి పూజకొచ్చిన పురోహితుడు అది చూసి మండిపడ్డాడు. "ఏమమ్మా ఇది? డమరుకం సృష్టి, చేతిలో నిప్పు లయం, చూపే అరచెయ్యి అభయం. ఆ కిందోడు మన అజ్ఞానం! దానికి సేవలా? ముందు తుడువు, లేకుంటే పూజ చెయ్యను."

"అజ్ఞానమైతే నడుము నొయ్యదా సామీ? నేను తుడవను."

పూజ ఆగితే అరిష్టమని మామ బతిమాలినా అత్త వినలేదు. చివరికి పురోహితుడే గుడ్డ తీసుకుని వంగాడు. వంగినవాడు మళ్లీ లేవలేదు, నడుము పట్టేసింది.

ఆయన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టాం. మామ ఆముదం రుద్దుతుంటే అత్త, "మెల్లగా రుద్దు, చదువుకున్న నడుము" అంది. తర్వాత ఆయన వైపు వంగి అడిగింది.

"మరి వాన్ని తుడిచేదా సామీ?"

"అట్లే ఉండనీ తల్లీ. ఇంకొంచెం కిందికి రుద్దమను."

ఆ ఏడు మా అత్త ఇంట్లో శివరాత్రి పూజ మంత్రాలన్నీ ఆయన పడుకునే చదివాడు.