రాజలింగు గారి ఎనిమిదో మనిషి

తాటాకు మీది గంటపు గీత కాగితం మీది సిరాగా, ఆ సిరా తెర మీది వెలుగుగా మారి, వేయేండ్ల వాఙ్మయం వేలికొనకు అందివచ్చిన ఈ కాలంలో కూడా, కోరం లేనిదే ఏ కార్యమూ కదలరాదన్న ఒక్క నియమాన్ని వేదవాక్యంగా శిరసావహించి, కాలానికే హాజరు వేయగలిగినంత నిబ్బరంతో నిలిచినవారు మా మందమర్రి రాజలింగు గారు.

మాది గోదావరీతీర డిజిటల్ వాఙ్మయ సంఘం. పాత తాళపత్రాలనూ నోటి పాటలనూ కంప్యూటర్ భాండారానికి ఎక్కించే అధ్యాపకులనూ, గ్రంథపాలకులనూ, నావంటి పురాణ పాఠకులనూ ఒక్కచోట కూర్చడం దాని ధర్మం. నేను అధ్యక్షుణ్ణి, ఆయన కార్యదర్శి. బొగ్గుబాయిలో ముప్పైనాలుగేండ్లు కార్మికుల హాజరు రాసి విశ్రమించిన చేయి ఆయనది. ఏడుగురు కూడితేనే సభ అని మా నియమావళి. ఒకనాడు ఆరుగురమే ఉండగా నేను గణపతి ప్రార్థన అందుకున్నాను.

"ఆగున్రి అయ్యగారూ. కోరం లేదు."

"విఘ్నేశ్వరునితో కలిపి ఏడుగురమే కదా!"

"ఆయన సభ్యత్వం తీసుకోలే," అన్నారు గంభీరంగా.

ఇంట్లోనూ ఇదే వ్రతం. భార్య స్వరూపమ్మ వంకాయ వండుతానంటే, "బలపరిచేది ఎవలు?" అని అడుగుతారట. "ప్రతిపాదించేది నేనే, బలపరిచేది నేనే. తినుడు నీ వంతు," అని ఆ ఇల్లాలు గరిటెతో తీర్మానం నెగ్గిస్తుందట.

ఒక పెళ్లిలో తలంబ్రాల వేళ లేచి నిలబడి, "ఆపున్రి! పిల్ల తండ్రి హాజరు లేడు," అన్నారు. అందరూ నవ్వారు. వెతికితే, ఆ తండ్రి స్నానాలగదిలో గడియ బిగుసుకుపోయి, బ్యాండు మోతలో ఎవరికీ వినబడక అరుస్తున్నాడు.

నిరుడు శ్రావణంలో మాకొక అదృష్టం పట్టింది. దేశంలోని ఇటువంటి సంఘాల సమాఖ్య మా తొలి సేకరణను తన భాండారంలో చేర్చుకొంటానన్నది. అది చెన్నూరు శంకరవ్వ పాడిన నూట పన్నెండు నాట్ల పాటలు. కళాశాల అధ్యాపకుడు కరుణాకర్ రెండేండ్లు తిరిగి వాటిని రికార్డు చేశాడు. సభ ఆమోదించిన పత్రం గడువునాటి సాయంత్రం అయిదింటికల్లా చేరాలి. తప్పితే మళ్లీ ఏడాది. శంకరవ్వకు ఎనభై దాటాయి. ఆమె కండ్లముందే ఆ పాటలు భాండారం చేరాలని మా ఆరాటం.

ఆ గడువునాడు మూడింటికి ఆరుగురం చేరాం. రాజలింగు గారు హాజరు పుస్తకం ఇంకా తెరవకుండా వాకిలి వైపు చూస్తున్నారు. నాలుగింటికి గ్రంథపాలకురాలు రమ వానలో తడుస్తూ వచ్చింది.

"ఏడుగురమైనం సార్! మొదలుపెట్టున్రి," అన్నాడు కరుణాకర్.

"ఇయ్యాల ఎనిమిది," అన్నారు రాజలింగు గారు.

"ఎనిమిదా! ఏ నియమంల ఉన్నది సార్? టైము పోతున్నది, జర దయ చూపున్రి!"

ఆయన మళ్లీ వాకిలి వైపు తిరిగారు. నాకు భూమి కంపించినట్లయింది. తన నియమాన్ని ఆయనే మీరడం కృతయుగం నుంచి ఎవరూ ఎరుగరు.

నాలుగున్నరకు వాకిట్లో ఆటో ఆగింది. కర్ర ఊతంగా శంకరవ్వ దిగింది.

"బస్సు ఊరూరికి ఆగుకుంట వచ్చింది తమ్మీ, జర ఆలస్యమాయె."

రాజలింగు గారు పుస్తకం తెరిచారు. "సభ్యురాలు శంకరవ్వ, హాజరు."

"నువ్వెప్పుడు సభ్యురాలివైనవవ్వా?" అన్నాడు కరుణాకర్ నివ్వెరపోయి.

"మొన్ననే బిడ్డా. ఈ తమ్ముడు మూడు దినాలు మా ఇంటికొచ్చి నియమాలన్ని చదివిండు. నడుమ నేను నిద్రపోతే, లేపి మల్ల మొదటికెళ్లి చదివిండు!"

నవ్వులు సద్దుమణిగాక రాజలింగు గారు పత్రాన్ని మా ముందుకు జరిపారు. అందులో సేకర్త కరుణాకర్ పేరు ఉంది. అధ్యక్షుడిగా నా పేరు పెద్దక్షరాల్లో ఉంది. పాడిన మనిషి పేరు ఎక్కడా లేదు.

"బాయిల దిగినోళ్లందరు పైకి వచ్చేదాక నేను ఏనాడు పుస్తకం మూయలే," అన్నారాయన. "పాటలు పైకి వచ్చినయి అయ్యగారూ. మనిషి కిందనే ఉన్నది."

కరుణాకర్ తలవంచుకొని, తన పేరుకు పైన శంకరవ్వ పేరు రాశాడు.

"నా ఒక్కదాని పేరేంది?" అన్నది శంకరవ్వ. "నాకు నేర్పింది మా అత్త పోచవ్వ. ఆమెను గూడ రాయున్రి."

"పోచవ్వ హాజరున్నదా?"

"ఆమె పోయి ముప్పై ఏండ్లాయె తమ్మీ."

రాజలింగు గారు నియమావళి పుటలు ఒక్కొక్కటే తిరగేశారు. గడియారం ముల్లు అయిదుకు పాకుతున్నది. కరుణాకర్ గోళ్లు కొరుకుతున్నాడు. చివరికి ఆయన పత్రంలో ఆ పేరు చేర్చి, పుస్తకంలో పొందికగా ఇలా రాశారు: "పోచవ్వ – గైర్హాజరు. సెలవు మంజూరు."

"బలపరిచేది ఎవలు?"

ఎనిమిది చేతులు లేచాయి. పత్రం గడువుకు రెండు నిమిషాల ముందు చేరింది.

రాజలింగు గారు నిండు నూరేండ్లు హాజరై ఉందురు గాక! స్వరూపమ్మ పసుపుకుంకుమలు వర్ధిల్లు గాక. ఆమె ప్రతిపాదించిన కూర చల్లారక మునుపే నెగ్గు గాక! ఆ ఇంట బిడ్డలతో, మనుమలతో, వచ్చిపోయే చుట్టాలతో ఏనాడూ కోరం తగ్గకుండు గాక!