మెట్లు లేని కప్పు

నానబెట్టిన సున్నంలో బెల్లం నీళ్లు పోస్తే ఒక వాసన లేస్తుంది. కొంచెం తీపి, కొంచెం పులుపు, ముక్కు లోపల గీరినట్టుండే ఘాటు. మొన్న సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుల కోసం కడుతున్న ఆరోగ్య కేంద్రం చూడ్డానికి వెళ్తే గేటు దగ్గరే ఆ వాసన తగిలింది. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు కుర్ర ఆర్కిటెక్టులు నాకు మట్టిగోడల గొప్పతనం, పర్యావరణం గురించి వివరిస్తున్నారు. నేను తలూపుతూనే ఉన్నాను గాని, మనసు మాత్రం కోరుట్ల దగ్గరి ఒక ఊళ్లో మేస్త్రి ఖాజా చిచ్చా పక్కకు వెళ్లిపోయింది. ఆయన ఇలాంటి పెద్ద మాటలు ఎన్నడూ వాడలేదు. అసలు మాటలే తక్కువ. అదే నాకు మొదట్లో నచ్చలేదు.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను ఊళ్లల్లో అలాగే పిలిచేవాళ్లు. మా నాన్న మెట్‌పల్లి వైపు ఊళ్లో భూములున్న మనిషి. అన్నలకు భయపడి కోరుట్లకు మకాం మార్చి, తలుపుకు రెండు గడియలు పెట్టించాడు. ఎవరొచ్చినా "ఎవరు పంపిన్రు?" అన్నదే మా ఇంట్లో మొదటి మాట. నాకు ఉగ్గుపాలతోనే అనుమానం పట్టారు. పోలీసులంటే అనుమానం, అన్నలంటే అనుమానం, ఊరికే నవ్వేవాళ్లంటే మరీ అనుమానం. డిప్లొమా చేతికొచ్చాక అదే బుద్ధితో మొదటి పనికి వెళ్లాను. బీడీలు చుట్టే ఆడవాళ్ల కోసం ఒక హాలు కట్టాలి. ఇరుకిళ్లలో తంబాకు దుమ్ము పీలుస్తూ నడుం వంచి కూర్చునేవాళ్లు గాలాడే చోట పనిచేసుకోవాలి, వారానికోసారి వచ్చే నర్సుకు చూపించుకోవాలి. ఒక ధర్మసంస్థ తలపెట్టిన పని అది. ఆడపిల్లనైనా సూపర్‌వైజర్ని నేనే. మేస్త్రి ఖాజా చిచ్చా. అరవై దాటిన మనిషి, గానుగలో నూరే పాతకాలపు డంగు సున్నం పని తెలిసినవాడు.

నా ప్లానులో స్లాబు ఉంది, పైకి మెట్లున్నాయి. చిచ్చా దాన్ని మడిచి నా చేతికే ఇచ్చాడు.

"మట్టిగోడ పెడుదం బిడ్డా, గూనపెంకులు కప్పుదం. సల్లగుంటది."

"స్లాబైతే రేపు ఇంకో అంతస్తు ఏసుకోవచ్చు గద చిచ్చా?"

"స్లాబు మాత్రం వద్దు."

ఎందుకంటే చెప్పడు. సంస్థవాళ్లు చల్లదనం మాట విని సరేనన్నారు. నాకు మాత్రం ఇందులో ఏదో మతలబు ఉందనిపించింది. సున్నంలో కలపడానికి బెల్లం, కరక్కాయలు తెప్పించమంటే, బెల్లంలో సగం గుడుంబా సారా కాయడానికి పోతుందనుకుని రోజంతా తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కాపలా కాశాను. ఆయన ప్రతి ముద్దా నాకు చూపించి మరీ నీళ్లలో వేశాడు. చివర్లో చిన్న ముక్క నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా, కావలి కాసినోళ్లకు గూడ కూలి ఉండాలె" అన్నాడు. కూలీలంతా నవ్వారు. నేను నవ్వలేదు.

గోడలు లేస్తున్నప్పుడు, రాజవ్వ అనే బీడీల ఆమెను చాటతో సహా నేలమీద కూర్చోబెట్టి, ఆమె ముక్కు ఎత్తున గోడమీద బొగ్గుతో గీత గీశాడు. కిటికీలన్నీ ఆ ఎత్తులోనే పెట్టించాడు. "నిలవడ్డోళ్లకు గాలి యాడన్న దొరుకుతది. కూసున్నోళ్లకే దొరకది" అన్నాడు. అంత మంచి మాట నా చెవికెక్కలేదు. మందమైన గోడలు, నేలకు దగ్గరగా చిన్న చిన్న కిటికీలు. పైగా పోలీసులు క్యాంపుకు జాగా ఏమైనా వెతుకుతున్నారా అని వచ్చేపోయేవాళ్లను అడిగేవాడు. అన్నలు దాక్కోవడానికి కడుతున్నాడేమోనని నా మనసును పురుగు తొలిచింది.

ఒక పక్క పెంకులు కప్పి లోపల పూత మొదలుపెట్టిన రోజు పోలీసు జీపొచ్చింది. ఎస్సై దిగి కిటికీల ముందు వంగి చూశాడు. "ఇవేంది, తుపాకులు పెట్టనీకి బొక్కలా? ఎవడు పెట్టుమన్నడు?"

చిచ్చా నోరు తెరిచేలోపే నేను వేలు చూపించాను. "మేస్త్రే సార్. నా ప్లాన్ల గిట్ల లేకుండె."

ఒక్క మాట. అనకపోతే నా ప్రాణమేం పోయేది కాదు. చేతులకున్న సున్నం కడుక్కుంటానని ఆయన అడిగాడు. కడుక్కోనివ్వకుండానే జీపెక్కించారు.

మూడో రోజు వదిలారు. రాజవ్వ, ఇంకో పదిమంది ఆడవాళ్లు ఠాణా ముందు చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చున్నారట. ఆ కిటికీలు తమ ముక్కులకేనని, కావాలంటే కొలుచుకొమ్మని చెప్పారట. నేను వెళ్లలేదు. నాన్న పోనివ్వలేదని చాలామందికి చెప్పాను గాని, పోతానని నేను అడగనే లేదు. చిచ్చా కుడిచేతి వేళ్లు వాచిపోయి తాపీ పట్టుకోలేకపోతున్నాడు. నా మొహం చూడకుండా తాపీ నా వైపు జరిపాడు.

"నేను చెప్త. నువ్వు పుయ్యి."

వారం రోజులు ఆయన చెప్పినట్టు పూశాను. ఒకనాడు తనంతట తనే అన్నాడు. "ఆవలి ఊళ్లె బడికి స్లాబు నేనే పోసిన. పోలీసోళ్లు మీదికెక్కి ఇసుక బస్తాలు పెట్టుకున్నరు. వాళ్లు పోయినంక, మల్ల రావొద్దని అన్నలు పేల్చిన్రు. పిల్లలకు బడే లేకుండ పోయింది. పెంకుల మీదికి ఎవడెక్కుతడు చెప్పు?"

"మొదలే ఎందుకు చెప్పలే చిచ్చా?"

"ఎవరికి చెప్పాలె? పోలీసోళ్లు వింటే మమ్ముల రాకుంట చేస్తున్నవా అంటరు. అన్నలు వింటే మాకే తప్పు పెడుతున్నవా అంటరు. నీకు చెప్తే... నువ్వు ఇంకొకళ్లకు చెప్తవు."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తలుపులు బిగించిన వారానికి అదే ఎస్సై మళ్లీ వచ్చాడు. ఈసారి క్యాంపుకు జాగా చూడ్డానికి. ఆయనకు నచ్చితే ఆడవాళ్లు మళ్లీ ఇరుకిళ్లకు పోవాలి, ఆ తర్వాత హాలుకు బడికి పట్టిన గతే పడుతుంది. చుట్టూ తిరిగి పైకి చూశాడు. "ఎక్కనీకి మెట్లేవి?"

"లేవు సార్."

"పెంకులు ఎవడు కప్పుమన్నడు?"

చిచ్చా తన కుడిచేతిని తువ్వాలలో దాచుకున్నాడు. ఆయన పేరే నాలుక మీదికి వచ్చింది, ఒకసారి నడిచిన దారి కదా.

"నేనే సార్" అన్నాను. "ఈడ ఇంజినీర్ని నేను. అంత నేనే చేయించిన."

ఎస్సై నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "ఆడిపిల్లకు అప్పజెప్తే గిట్లనే ఏడుస్తది పని" అని జీపెక్కాడు. నా బతుకులో అంత హాయిగా అనిపించిన తిట్టు మరొకటి లేదు. రాజవ్వ వాళ్లు మర్నాడే చాటలు తెచ్చుకుని కిటికీల పక్కన కూర్చున్నారు.

చిచ్చా చెయ్యి పూర్తిగా బాగుపడలేదు. ఆ తర్వాత ఎన్ని చోట్ల కలిసి పనిచేసినా, ఆయన చెప్పడమే, వేరేవాళ్లు పూయడమే. నేను వేలు చూపించిన రోజు మాట ఆయన ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడిగితే క్షమించానంటాడు, నేను నమ్మను. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

నా అనుమానపు బుద్ధి ఇంకా పోలేదు. కానీ సైటులో ఏ పొరపాటు జరిగినా, "ఇది ఎవరు చేశారు?" అని ఎవరైనా అడగడం పూర్తికాకముందే "నేనే" అంటాను. నా దగ్గర పనిచేసే పిల్లలు దాన్ని నా మంచితనం అనుకుంటారు. వాళ్లకేం తెలుసు? ఒకసారి లేచిన వేలు ఇది. దీన్ని నేను ఇప్పటికీ నమ్మను.