వదిన పేరు ఎదురుగా ఒకటి

పోయిన ఆదివారం పెరట్లో గోంగూర మొక్కలకి చలిగాలి కొట్టకుండా అడ్డం పెట్టిన ప్లాస్టిక్ బోర్డు ఒకటి గాలికి తిరగబడింది. చూద్దును కదా, దాని మీద మా వదిన నవ్వుతోంది. ఎనిమిదేళ్ళ కిందటి ఎన్నికల బోర్డు అది. రంగు వెలిసింది, నుదుటి మీద ఏదో పిట్ట తన అభిప్రాయం తెలియజేసి పోయింది. గుడ్డ తడిపి తుడుస్తుంటే నాకూ నవ్వొచ్చింది, వెనకే హమ్మయ్య అని పెద్ద ఊపిరి కూడా వచ్చింది. ఈసారి వదిన పోటీ చేయడం లేదు. రెండు దఫాలు రాష్ట్ర శాసనసభలో కూర్చుని, ఇక చాల్లెమ్మని లేచింది. మెల్‌బోర్న్ శివారులోని ఈ క్రెయిగీబర్న్ మొత్తం మీద అందుకు ఆవిడకంటే ఎక్కువ ఊరట పడ్డవాణ్ణి నేనే. ఎందుకో చెప్పాలంటే నా తెలివితక్కువతనం బయటపెట్టుకోవాలి. ఆవిడే సభలో చెప్పేసింది గనక ఇక దాచేదేముంది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. తెనాలి వైపు మనిషి, నర్సు. ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో టూవూంబా అనే దూరపు ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగం. అక్కడ తెలుగు మాట వినాలంటే ఫోను చేయాల్సిందేనని ఇప్పటికీ చెబుతుంది. తర్వాత మెల్‌బోర్న్ వచ్చి మా వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. ఆవిడ రాజకీయాల్లోకి వెళ్ళింది ఆశయాలు పొంగి కాదు, బస్సు రాక. తెల్లారి డ్యూటీకి వెళ్ళే నర్సులకి మా వైపు బస్సు లేదని ఉత్తరాలు రాసింది, సంతకాలు పోగుచేసింది, ఎక్కడ మీటింగయినా వెళ్ళి అదే ప్రశ్న అడిగింది. అడిగించుకున్నవాళ్ళు చివరికి విసిగిపోయి, నువ్వే నిలబడమ్మా అన్నారు. నిలబడ్డానికి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. అన్నయ్యకది మింగుడుపడలేదు. పదహారేళ్ళ సర్వీసు వదులుకుని ఓడిపోతే ఏమిటని ఆయన బెంగ. పైకి అనేవాడు కాదు గానీ, కాఫీ చల్లారిపోయేదాకా కప్పు పట్టుకుని కూర్చునేవాడు.

తెలుగువాళ్ళ ఓట్ల బాధ్యత నేను నెత్తినేసుకున్నాను. ఎవరూ నన్ను వేసుకోమనలేదు. ఇక్కడ ఓటేసేటప్పుడు రెండు సభలకీ రెండు కాగితాలిస్తారు. పెద్ద కాగితంలో ఒక్కచోట ఒకటి అని వేస్తే సరిపోతుంది. చిన్నదాంట్లో మాత్రం పోటీలో ఉన్న అందరి పేర్ల ఎదురుగానూ మన ఇష్టాన్నిబట్టి ఒకటి, రెండు, మూడు అని వరసగా అంకెలు వేయాలి. ఒక్క గడి వదిలినా ఓటు చెల్లదు. వదిన పేరుండేది ఆ చిన్నదాంట్లో. నేనేమో పెద్దదాని రూలు తెచ్చి చిన్నదానికి అంటగట్టాను. పైగా గుడి హాల్లో భోజనాల దగ్గర పులిహోర గరిటె పట్టుకుని ఉపన్యాసం: “వదిన పేరు ఎదురుగా ఒకటి వెయ్యండి, మడిచి పెట్టెలో పడెయ్యండి. ఎదుటివాళ్ళకి రెండో నంబరు మాత్రం మనమెందుకిస్తాం?” జనం చప్పట్లు కొట్టారు. మన మనిషి ఉండగా పరాయివాడి పేరు పక్కన అంకె వేయడం మనవాళ్ళకి ఎంగిలి ఆకులో తిన్నట్టే ఉంటుంది మరి. ఆ ఊపులో ఇంకో నాలుగు పుట్టినరోజు పార్టీల్లో కూడా అదే చెప్పాను.

ముందస్తు ఓటింగు మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం, పోలింగు కేంద్రం గేటు దగ్గర, ఓటెలా వేయాలో చూపించే మా కార్డులు పంచుతూ అదే పాఠం ఎవరికో చెబుతున్నాను. పక్కనుంచి వెళ్తున్న పెద్దాయన ఒకాయన ఆగాడు. తాతల కాలంలో ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళ మనిషి, ఇక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఓటేస్తున్నాడు. “బాబూ, ఆల్ ద బాక్సెస్! అన్నీ రాయాల. లేకపోతే ఓటు బిన్నులోకే, మేట్!” అన్నాడు. కార్డు తిప్పి చూసుకుంటే అక్కడే పెద్ద అక్షరాల్లో రాసుంది. రోజూ వందలకొద్దీ పంచాను గానీ ఒక్కసారి చదివిన పాపాన పోలేదు.

వదిన కార్ పార్కులో, కార్లోనే కూర్చుని పెరుగన్నం తింటోంది. చెప్పకుండా ఊరుకుందామా అనిపించింది, అబద్ధమెందుకు. కానీ చెప్పాను. డబ్బా మూత పెట్టి అంతా విన్నది.

“మా వార్డులో తప్పు మందిస్తే ముందేం చేస్తామో తెలుసా మరిదీ? ఎవరికిచ్చామో రాస్తాం. ఏడుపు తర్వాత. పేర్లు రాయి” అంది. నేను పెన్ను వెతుక్కుంటుంటే, “మీ అన్నయ్యకి చెప్పకు. ఇప్పటికే సగమైపోయాడు” అని కూడా అంది.

ఆ రెండు రోజులూ ఫోను చెవికి అతుక్కుపోయింది. చాలామంది ఇంకా ఓటేయలేదు, బతికించారు. ఒక ఆంటీ అయితే, “నువ్వు చెప్పావని అట్లా వేస్తామటయ్యా? గేటు దగ్గర పిల్ల కార్డిచ్చింది, చూసి ఎక్కించాను” అంది. అంత తియ్యటి అవమానం నాకు మళ్ళీ జరగలేదు. ఇంకో అంకుల్ మాత్రం, “నిన్ననే వేసేశాం బ్రదర్, ఇంట్లో నలుగురం. జస్ట్ వన్, అంతే!” అన్నాడు గర్వంగా. థాంక్యూ అంకుల్ అని పెట్టేశాను.

లెక్కింపు వారం పైన సాగింది. అభ్యర్థి తరఫున చూసేవాళ్ళు ఉండొచ్చు, కాగితాలు ముట్టుకోకూడదు. వదిన నన్నే పంపింది. అది శిక్షో నమ్మకమో నాకు అర్థం కాలేదు. నా కళ్ళు మాత్రం చెల్లని ఓట్ల కట్ట మీదే. అందులో ఒక కాగితం కనిపించింది. వదిన పేరు ఎదురుగా గుండ్రంగా ఒకటి, మిగతా గడులన్నీ ఖాళీ, కాగితం పైన తెలుగులో శ్రీరామ చుట్టి ఉంది. ఏ పెద్దావిడో, ఉత్తరం మొదలుపెట్టినట్టు, భక్తిగా వేసిన ఓటు. నా మాట నమ్మి వేసిన ఓటు. అక్కడే ఏడ్చేసేవాణ్ణి గానీ, పక్కనున్న అవతలి పార్టీ కుర్రాడు బిస్కెట్ ఇచ్చాడు.

మొదటి అంకెలు లెక్కపెడితే వదిన కొంచెం వెనకబడింది. తర్వాత, తక్కువ ఓట్లొచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ తీసేసి, వాళ్ళకి ఒకటి వేసినవాళ్ళు రెండు ఎవరికిచ్చారో చూశారు. ఎక్కువమంది వదినకిచ్చారు. అలా కాస్తలో గట్టెక్కింది. ఎదుటివాళ్ళకి రెండో నంబరు ఎందుకన్న నన్ను ఎదుటివాళ్ళ రెండో నంబరే కాపాడింది.

తర్వాత బస్సూ వచ్చింది, బడి దగ్గర సిగ్నలూ వచ్చింది, రెండోసారి సుఖంగా గెలిచింది కూడా. అయినా అన్నయ్య భోజనాల దగ్గర ఎప్పుడో ఒకసారి, “మొదటిసారి మెజారిటీ అంత తక్కువెందుకు వచ్చిందంటావ్?” అనేవాడు. నేను కంచంలో మెతుకులు లెక్కపెట్టేవాణ్ణి. వదిన గరిటెడు పప్పు నా కంచంలో వేసి, తిను, అనేది.

కిందటి నెల సభలో ఆవిడ వీడ్కోలు ప్రసంగం. పైన సందర్శకుల వరసలో అన్నయ్య పక్కన కూర్చున్నాను. అందరికీ కృతజ్ఞతలు చెప్పి, చివర్లో ఇంగ్లీషులో అంది: మా ఇంట్లోవాళ్ళొకరు నా మొదటి ఎన్నికలో పొరపాటున నా ఓట్లే చెల్లకుండా చేయబోయారు. తెలిసిన గంటలోపు నా దగ్గరికి వచ్చి, నేనే చేశానని చెప్పారు. ఆ మాట ఎంత కష్టమో, ఎంత అరుదో, ఈ గదిలో ఎనిమిదేళ్ళు కూర్చున్నాక నాకు బాగా తెలిసింది.

సభంతా నవ్వింది. ఆ చివరి వాక్యానికి మాత్రం కొందరు కాగితాలు సర్దుకున్నారు. అన్నయ్య నెమ్మదిగా నా వైపు తిరిగాడు. నేను తలొంచుకున్నాను.

“ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చుని పప్పన్నం తిన్నావు గదరా!” అన్నాడు. తర్వాత నవ్వాడు, భుజాలు ఊగిపోయేలా, సెక్యూరిటీ ఆవిడ వచ్చి సైగ చేసేదాకా.

బోర్డు తుడిచి మళ్ళీ గోంగూరకి అడ్డం పెట్టాను, ఈసారి వదిన మొహం ఇంటివైపు ఉండేలా. ఎనిమిదేళ్ళు మోసిన బరువది. దించుకోవడానికి పట్టిన కాలం, మా అన్నయ్య ఒక్కసారి నవ్వినంతసేపే.