దుర్గాభవాని తీసేసిన హీరో

దుర్గాభవాని మంచి మనిషే, కాకపోతే దేన్నీ మర్చిపోదు. చిన్నప్పుడు జనగామ బడిలో తన చెప్పులు బావిలో పారేసిన పిల్ల, పదేళ్ల తర్వాత భవాని చెల్లెలి పెళ్లికి వస్తే, వరుసలో అందరికీ బొట్టు పెట్టి ఆ ఒక్కదాన్నీ దాటేసి పోయింది. ఎందుకో తెలియక ఆ పిల్ల పందిట్లోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. తల్లి కోప్పడితే, ఏడ్వనీ అంది భవాని. నాకు తెలిసిన ఆడవాళ్లలో ఇంత నిక్కచ్చిగా పగ తీర్చుకునే మనిషి ఇంకొకరు లేరు. అందుకే ఆమె గురించి రాయాలనిపించింది.

నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక టైలర్ షాపు పైన మిక్సింగ్ సెంటర్ ఉండేది. పెళ్లి వీడియోలు తీసినవాళ్లు టేపులు తెచ్చిస్తే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనిది కోసి, పాటలు కలిపి, గులాబీల మధ్య వధూవరుల ఫొటోలు గిర్రున తిప్పి సీడీ చేసి ఇచ్చేవారు. ఓనరు ఉమామహేశ్వర్‌కు కెమెరా పట్టుకుని తిరగడమే ఇష్టం. కుర్చీలో కూర్చుని చేసే పనంతా భవానిదే. ఇంటర్ చదివి, మేనబావ శివను చేసుకుని నాచారం వచ్చిన కొత్తలో ఆల్బమ్‌లు అతికించే పనికి చేరింది. రెండేళ్లు తిరక్కుండా మౌలాలి నుంచి బోడుప్పల్ దాకా ఎవరింట్లో పెళ్లి జరిగినా, తాళి కట్టే ఘడియ ఎంతసేపు కనబడాలో ఆమే తేల్చే స్థితికి వచ్చింది.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పెళ్లి వీడియోలోంచి ఎంత కోసినా చుట్టాన్ని కోయకూడదు. ఒకసారి చెంగిచెర్ల పెళ్లిలో బట్టలు పెట్టే దగ్గర పిల్ల మేనమామ అలిగి విస్తరి తన్నేశాడు. పిల్ల తండ్రి సెంటర్‌కు వచ్చి, ఆ మనిషి ఎక్కడా కనబడొద్దమ్మా అన్నాడు. భవాని పీట మీద నుంచీ తీసేసింది, పందిట్లోంచీ తీసేసింది, భోజనాల బంతిలోంచీ తీసేసింది. వీడియో చూసిన ప్రతివాళ్లూ మేనమామ ఏడి, మేనమామ ఏడి అని అడగడం మొదలుపెట్టారు. విస్తరి సంగతి తెలియని వాళ్లకూ తెలిసింది. నెల తిరక్కుండా ఆ మేనమామ తలొంచుకుని బావ గుమ్మం తొక్కాడు. మనిషిని తిట్టడం కంటే తీసేయడం పెద్ద శిక్ష అని భవానికి అప్పుడే అర్థమైంది. ఆ పాఠం ఆమెను తర్వాత ఎంత దారుణంగా మోసం చేసిందో చెబుతాను.

శివ మల్లాపూర్‌లో వెల్డరు. చేసే పని అదైనా, పుట్టింది మాత్రం హీరో హృషికేశ్ కోసమే అన్నట్టుండేవాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా నేరుగా ఉప్పల్ థియేటర్‌కు పోయి కటౌట్‌కు దండ వేసే రకం. భవాని కూడా తక్కువేం కాదు. పెళ్లిచూపుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఆ హీరో సినిమాల గురించేనట. పైగా శివది అచ్చం హీరో ఒడ్డూ పొడుగూ. వెనక నుంచి చూస్తే అభిమానులే పొరబడేవారు. అభిమాన సంఘం అధ్యక్షుడు త్రిమూర్తులు రైల్వే ఉద్యోగి కొడుకు, నాచారంలో కేబుల్ టీవీ నడిపేవాడు. 'ఉక్కుగద్ద' షూటింగ్ మల్లాపూర్‌లో మూతపడిన ఒక ఫ్యాక్టరీలో జరుగుతుందని తెలిసి, శివను తీసుకెళ్లి డూపుగా పెట్టించింది అతనే. పగలు బ్యాంకు గుమస్తాగా ఉండి, రాత్రయితే ముఖానికి మాస్కు తగిలించుకుని మేడల మీద నుంచి దూకే వీరుడి కథ అది. ముఖం ఎలాగూ కనబడదు కనుక దూకేవన్నీ శివ దూకాడు. డైలాగులు హీరో చెప్పాడు.

షూటింగ్ ఇంకొక్క రోజు ఉందనగా నడుముకు కట్టిన వైరు జారింది. శివ రేకుల షెడ్డు పైనుంచి సిమెంటు నేల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. సినిమా ఫైటర్ల యూనియన్ కార్డు లేని మనిషి గనక సినిమాలో ఎక్కడా పేరు వేయలేదు. రాడ్డు వేసిన కాలుతో నిచ్చెన ఎక్కలేడు గనక వెల్డింగ్ పని పోయింది. ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడు. పడ్డ రోజు ఏం జరిగిందని భవాని ఎన్నిసార్లు అడిగినా, పడ్డ, అంతే, అనేవాడు.

అప్పటికీ ఆమె ఊరుకుంది. పని చేసేచోట దెబ్బలు తగులుతాయి, దానికి హీరోనేం చేస్తాడని సరిపెట్టుకుంది. కానీ 2009 వేసవిలో సినిమా విడుదలైన రోజు హృషికేశ్ టీవీలో కూర్చుని, ఒక్క షాటులో కూడా డూపును పెట్టుకోలేదని, అభిమానుల కోసం ప్రాణాలకు తెగించి ప్రతి దూకుడూ తానే దూకానని చెప్పాడు. యాంకరమ్మ చప్పట్లు కొట్టింది. కాలు స్టూలు మీద పెట్టుకుని చూస్తున్న శివ, సినిమావాళ్లు గట్లనే జెప్తరు అని నవ్వి సౌండ్ తగ్గించాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అని భవానికి ఒళ్లు మండిపోయింది. శివ దూకాడని లోకానికి తెలియాలి. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

సినిమా ఘోరంగా పోయింది. రెండు ముప్పావు గంటలు. గుమస్తా వేషంలో హృషికేశ్ అమాయకత్వం నటిస్తుంటే ఉప్పల్ థియేటర్లో జనం ఆవులించారు. మంచుకొండల్లో పాటకు లేచి బయటికి పోయారు. మాస్కు పెట్టుకుని దూకే చోట్ల మాత్రం కుర్చీలెక్కి నిలబడ్డారు. డీవీడీ రాగానే భవాని కొనుక్కొచ్చి సెంటర్లో కంప్యూటర్లోకి ఎక్కించింది. పెళ్లిళ్లు లేని ఆషాఢం అది. చెంగిచెర్ల మేనమామను తీసేసినట్టే హృషికేశ్‌ను తీసేయడం మొదలుపెట్టింది. ముఖం కనబడే ప్రతి ముక్కా కోసేసింది. గుమస్తా పోయాడు, పాటలు పోయాయి, తల్లి ఒళ్లో ఏడ్చే సీను పోయింది. బస్తీ జనం, వాళ్లను పీక్కుతినే విలను, చీకట్లోంచి వచ్చి దూకి వెళ్లిపోయే మాస్కు మనిషి మిగిలారు. మొత్తం గంటా పది నిమిషాలకు దిగింది. హీరో సినిమాలో హీరో లేకపోతే హీరో ఏడి అని జనం అడగరా, అడిగితే మాస్కులో ఉన్నది ఎవడన్న మాట రాదా అన్నది ఆమె లెక్క.

భవాని చేసి పంచిన సీడీలు చేతులు మారాయి. మల్లాపూర్ కార్ఖానాల కుర్రాళ్లు తీసుకున్నారు, వాళ్ల నుంచి ఆటోవాళ్లు తీసుకున్నారు. దసరా సెలవుల్లో త్రిమూర్తులు తన కేబుల్లో వేసేశాడు. నాచారం అంతా అదే మాట. సినిమా అంటే ఇదీ, డైరెక్టరు చెడగొట్టిండు గని హృషికేశ్ ఇరగదీసిండు అన్నారు. హీరో ఏడి అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. పెళ్లిలో ఎవరు ఎవరికేమవుతారో చూసేవాళ్లకు తెలుసు గనక లేని మనిషిని వెతుక్కుంటారు. సినిమాలో మాస్కు వెనక ఎవడున్నాడో జనం ఎన్నడూ చూడలేదు, హీరోనే అనుకున్నారు. చేతకాని నటన కనబడే ముఖాన్ని తన చేతులతో కోసి పారేసి, శివ దూకిన దూకుళ్లన్నీ కట్టగట్టి హృషికేశ్‌కు కానుక ఇచ్చింది భవాని. తంతే బూరెల గంపలో పడ్డాడు వాడు.

అంతటితో ఆగలేదు. సంఘం వాళ్లు ఉప్పల్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. దాని మీద మాస్కులో గాల్లో తేలుతున్న శివ, పక్కన గుండ్రంలో హృషికేశ్ నవ్వు, కింద 'డూపు ఎరుగని మొనగాడు' అని రెండడుగుల అక్షరాలు. బస్సు దిగి అది చూసిన భవానికి ఆ రాత్రి అన్నం సహించలేదు. అయితే ఏడవలేదు. ఏడిస్తే కసి కరిగిపోతుందని ఆమె నమ్మకం.

కొన్నాళ్లకు త్రిమూర్తులు స్వీట్ డబ్బాతో సెంటర్‌కు వచ్చాడు. హీరోగారి పుట్టినరోజు ఉప్పల్ ఫంక్షన్ హాల్లో చేస్తున్నామని, ఆయనే స్వయంగా వస్తున్నారని, పెద్ద తెర మీద ఆమె చేసిన సినిమా వేస్తామని చెప్పాడు. ఎవరు చేశారని ఆయన మెచ్చుకున్నారట. భవానిని త్రిమూర్తులు హీరోకు పరమ భక్తురాలనుకుంటున్నాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "శివ సంగతి మనలో మనకే చెల్లెమ్మా. ఇంటి గుట్టు" అన్నాడు. అట్లనే అన్నా, మంచి ప్రింటు నేనే తెచ్చిస్త అంది భవాని, నవ్వుతూనే.

షూటింగ్ రోజుల్లో శివ సరదాపడి సెంటర్ కెమెరా అడిగి తీసుకుపోయాడు. లైట్లు మోసేవాళ్లలో ఎవరో అతన్ని తీశారు. సిమెంటు బస్తా మీద కూర్చుని సమోసా తింటూ, ఉక్కుగద్ద చొక్కా గుండీలు పెట్టుకుంటూ, మాస్కు తగిలించుకుని షెడ్డు ఎక్కుతూ ఉన్న శివ ఆ టేపులో ఉన్నాడు. ఇప్పుడు భవాని తన పద్ధతిలో తాను పనిచేసింది. మొదట్లోనే శివ ఫొటోను గులాబీల మధ్య గిర్రున తిప్పి, కింద బంగారు రంగులో పేరు, ఇంటిపేరు, తండ్రి పోశయ్య పేరు, ఊరి పేరు వేసింది. తర్వాత ప్రతి దూకుడుకు ముందూ, మాస్కు తగిలించుకుంటున్న శివ ముఖాన్ని పెట్టింది. ఎవరినీ తీసేయకపోవడమే ఈసారి ఆమె శిక్ష.

తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉన్న రోజులు. బందుల వల్ల ఫంక్షన్ రెండుసార్లు వాయిదా పడి చివరికి జరిగింది. శివ కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. భవాని ఏం తెచ్చిందో అతనికి చెప్పలేదు. గులాబీలు తిరగగానే హాలంతా పెళ్లి సీడీ పడ్డదనుకుని నవ్వింది. ఆ తర్వాత సమోసా తింటున్న మనిషి మాస్కు తగిలించుకున్నాడు, దూకాడు. మళ్లీ తగిలించుకున్నాడు, మళ్లీ దూకాడు. నవ్వులు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవడో, అరే, మన శివన్న అన్నాడు. త్రిమూర్తులు పరిగెత్తి వైరు పీకేసే లోపల అందరూ చూడాల్సింది చూసేశారు. గోడకు ఆనుకుని నిలబడ్డ భవాని ఒక్కో ముఖాన్నీ తేరిపార చూసుకుంది, ఆనందంతో.

కానీ హృషికేశ్ ఊరికే హీరో కాలేదు. చిరునవ్వు చెదరకుండా లేచి మైకు అందుకుని, శివను స్టేజీ మీదికి రప్పించి, భుజం చుట్టూ చెయ్యి వేశాడు. వీడు నా తమ్ముడన్నాడు. సినిమా వ్యాపారం కోసం కొన్ని దాచాల్సి వస్తుందన్నాడు. ఆ రోజు వీడు పడిపోతే షూటింగ్ ఆపేసి, ఈ చేతులతోనే ఎత్తుకుని కారులో ఆస్పత్రికి తీసుకుపోయానని, ఎవరికీ చెప్పుకోలేదని కళ్లు తుడుచుకున్నాడు. హాలు దద్దరిల్లింది. ఈలలు, చప్పట్లు, జైజైలు. మళ్లీ వాడే గెలిచాడు. ఆ క్షణంలో చేతిలో రాయి ఉంటే భవాని విసిరేసేదే. హృషికేశ్ మైకు శివ నోటి దగ్గర పెట్టి, ఈ అన్న గురించి రెండు మాటలు చెప్పు తమ్ముడూ అన్నాడు.

శివ మైకు అందుకున్నాడు. ఎవరి మీదా కోపం లేని గొంతుతో మెల్లగా చెప్పాడు.

"అన్న నా దగ్గరికొచ్చింది నిజమే. నేను పడ్డంక గూడ నాకు తెలివుండె. అన్న కిందికి వంగిండు. లేపుతడేమో అనుకొని చెయ్యి జాపిన. మాస్కు పగిలిందా సూడుండ్రి, ఒక్కటే ఉన్నది, రేపు నా షాటుకు గావాలె అన్నడు. మాస్కు ఇప్పిచ్చుకొని పోయిండు. నన్ను దవాఖానకు తీస్కపోయింది లైట్లోల్లు, సామాన్ల ఆటోల."

మైకు తిరిగి హృషికేశ్ చేతిలో పెట్టి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ముందు వరుసలో ఉన్న కుర్రాళ్లు లేచి శివకు దారి ఇచ్చారు. స్టేజీ మీద హీరో ఏదో మొదలుపెట్టాడు గానీ వినేవాళ్లు లేరు. కేకు కోయకుండానే కారెక్కాడని తర్వాత తెలిసింది. నాచారం సంఘం బోర్డు ఆ వారంలోనే దిగింది.

ఆటోలో ఇంటికి వస్తూ భవాని అడిగింది, ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు బావా అని.

"జెప్తే నువ్వు ఊకుంటవా?"

"ఊకోను."

"నువ్వు ఊకోవు. నాకేమో ఆయన సినిమాలు ఇంక సూడాలని ఉండె" అన్నాడు శివ. "ఆ మాట నోట్లెకెల్లి బయటికొస్తే మల్ల సూడలేనని తెలుసు. అందుకే లోపల్నే పెట్టుకున్న."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు సూడలేను."

అతను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. పదహారేళ్ల వయసు నుంచీ ఉన్న ఇష్టం పోయినవాడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. భవానికి అది కనబడింది, జాలి కూడా వేసింది. అయినా ఆమె సంతోషం తగ్గలేదు. హృషికేశ్‌ను ఆ ఒక్క మనిషిలోంచి తీసేయడానికే తాను ఇన్నాళ్లూ కత్తెర పట్టిందని ఆటోలో కూర్చున్నాకే ఆమెకు తెలిసింది. శివ చేతిని తన ఒళ్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.