ప్రైవేట్ నంబర్ ఆదినారాయణ

ఆదినారాయణ గారి ఇంట్లో రెండంకెల నంబరు చెప్పకుండా చీమ కూడా గుమ్మం దాటదు. దాటితే దాన్ని వెనక్కి పిలిచి, నంబరు ఇచ్చి మళ్ళీ పంపిస్తారు.

ఆయన బిలాస్‌పూర్ చుట్టుపక్కల ముప్పై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశారు. ఒక స్టేషను నుంచి పక్క స్టేషనుకు రైలును వదిలే ముందు ఇద్దరు మాస్టర్లూ ఫోనులో చెరో ప్రైవేట్ నంబరు చెప్పుకోవాలి. మాట ఇచ్చినవాడెవడో, పుచ్చుకున్నవాడెవడో ఆ నంబర్లతో సహా రిజిస్టర్లో పడుతుంది. ఒకసారి వాడిన నంబరును కొట్టేయాలి. రైల్వేలో అది నియమం. ఆయన రిటైరై బిలాస్‌పూర్‌లోనే తోర్వాలో ఇల్లు కట్టుకున్నాక అదే సంసారానికీ నియమం అయింది.

"టీ పెట్టమంటారా?" అని అచ్చియమ్మ గారు వంటింట్లోంచి అడుగుతారు.

"పెట్టు. నలభై రెండు."

"పదిహేడు," అంటారావిడ. పెళ్ళై నలభై ఏళ్ళయింది, విసుక్కునే ఓపిక కూడా అయిపోయింది.

పాలవాడు సైకిలు దిగకముందే "బాబూజీ, అడ్‌తీస్" అని హిందీలో తన ముప్పై ఎనిమిది కేకేసి పాలు పోసి పోతాడు. మేనల్లుడి పెళ్ళిలో పురోహితుడు మాంగల్యధారణ కానివ్వమంటే ఈయన "నంబరు?" అన్నారు. ఆ పురోహితుడు అనుభవజ్ఞుడు. ఎన్నో రకాల పెళ్ళిపెద్దల్ని చూసినవాడు. "ఇరవై ఏడు," అనేసి ముహూర్తం దాటకుండా కట్టించేశాడు.

ఒకసారి ఎవడో మోసగాడు బ్యాంకు మేనేజర్నని ఫోను చేసి ఓటీపీ చెప్పమన్నాడు. "పహలే ఆప్ అప్‌నా ప్రైవేట్ నంబర్ బోలియే," అన్నారు ఆదినారాయణ గారు, ముందు నీ నంబరు చెప్పమని. వాడికి నియమాలు వివరించారు, ఒక ఉదాహరణ చెప్పారు, తప్పుగా అప్పచెబితే మళ్ళీ చెప్పించారు. ఇరవై నిమిషాలయ్యాక వాడే "అంకుల్, మాఫ్ కరో" అని పెట్టేశాడు. కుర్రాడు శ్రద్ధగానే నేర్చుకున్నాడని ఆయన తరవాత మెచ్చుకున్నారు.

ఇదంతా ప్రత్యూషకు పెద్ద తలవంపు. ఆమె ఆయన తమ్ముడి కూతురు. నాన్నకు నాగ్‌పూర్ బదిలీ అయితే, ఉద్యోగం ఇక్కడే ఉందని పెదనాన్న ఇంట్లో ఉండిపోయింది. ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబుల రిపోర్టులను రోగుల ఫోన్లకు పంపే చిన్న కంపెనీ అది. ఆ కంప్యూటర్లన్నీ ప్రత్యూష చేతిలో ఉంటాయి.

"అసలు నీ డూటీ ఏటమ్మా?" అని ఆయన ఒకనాడు అడిగారు.

"మా సాఫ్ట్‌వేరు ముక్కలు ముక్కలుగా ఉంటుంది పెదనాన్నా. ఒక్కో ముక్కనీ ఒక్కో కంటెయినర్లో పెడతాం. ఏది ఏ కంప్యూటర్ మీద నడవాలో చూసుకోవడానికి కుబెర్నెటిస్ అని ఒకటుంది. ఏ వ్యాగను ఏ పట్టా మీదికో చెప్పే మీ యార్డ్ మాస్టర్ అనుకో."

"మరి యార్డ్ మాస్టర్‌కి ఆర్డరు ఎవరిస్తారు?"

"కంట్రోల్ పేజీ ఉంటుంది. అందులోకి వెళ్ళి మేమే చెప్తాం."

"అందులోకి ఎవడైనా వెళ్ళిపోవచ్చేటి?"

ప్రత్యూష టీ కప్పులోకి చూసింది. వెళ్ళిపోవచ్చు. పోయిన నెల ఒక ల్యాబు వాళ్ళకు పని చూపించాల్సి వచ్చి, పాస్‌వర్డులూ అనుమతులూ అడ్డం పడుతుంటే, బాస్ రాజేంద్ర ఫోనులో "అచ్ఛా, అభీ సబ్ ఖోల్ దో, బాద్ మే దేఖేంగే" అన్నాడు, ఇప్పటికి అన్నీ తెరిచెయ్, తరవాత చూద్దామని. ఆమె తెరిచేసింది. ఆనాటి నుంచి ఆ పేజీకి తాళం లేదు, లోపలికి వచ్చినవాడు ఏం చేసినా అడ్డు లేదు. రాజేంద్ర చెప్పిన బాద్ మాత్రం ఇంకా రాలేదు.

"తాత్కాలికంగా తెరిచాం," అంది.

"తెరవమన్నోడు నంబరు ఇచ్చేడేటి?"

"పెదనాన్నా, నన్ను టీ తాగనీ."

"తాగు. అరవై ఒకటి."

తరవాతి మంగళవారం పొద్దున్న ఊళ్ళోనే కుదుదండ్‌లో ఒక ల్యాబుకు రిపోర్టులు ఆగిపోయాయి. ఆపరేషన్ కోసం పరగడుపున కూర్చున్నవాళ్ళు, నెలలు నిండినవాళ్ళు కౌంటరు మీద పడి అడుగుతున్నారు. ప్రత్యూష చూస్తే కంపెనీ కంప్యూటర్లన్నీ ఒళ్ళు హూనం చేసుకుని పనిచేస్తున్నాయి, కంపెనీ పని తప్ప. ఎవడో పరాయివాడు ఆ తెరిచిన పేజీలోంచి దర్జాగా లోపలికొచ్చి, సొంత కంటెయినర్లు దించుకుని, బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు తవ్వుకుంటున్నాడు. మధ్యాహ్నానికల్లా వాణ్ణి గెంటి, తలుపు మూసింది. వాడు రోగుల రిపోర్టుల జోలికి పోలేదని తేలాక గాని ఆమెకు ఊపిరి ఆడలేదు.

కానీ ఆ ల్యాబు యజమాని తిరుమలరావు ఊరుకునే రకం కాదు. తలుపు ఎవరు తెరిచి పెట్టారో నాలుగింటికి వీడియో కాల్లో పేరు చెప్పమన్నాడు.

రాజేంద్ర ప్రత్యూషను గదిలోకి పిలిచాడు.

"నేను తెరవమన్నట్టు ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు సార్."

"నువ్వు తెరిచినట్టు?"

"లేదు సార్. అందరం ఒకే లాగిన్ వాడుతున్నాం కదా. ఎవరు చేసినా ఒకే పేరు పడుతుంది."

రాజేంద్ర ముఖం విప్పారింది. "అయితే శ్వేత అని చెప్దాం. ఎలాగూ మానేసి వెళ్ళిపోయింది. ఆమెకేం నష్టం?"

శ్వేత పోయిన వారందాకా ప్రత్యూష పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల. రాయ్‌పూర్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది, ఇక్కడి నుంచి వెళ్ళాల్సిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం కాచుక్కూర్చుంది. ఈ మాట అందులోకి ఎక్కితే ఆ ఉద్యోగం ఊడినట్టే. ప్రత్యూష కాదనలేదు. సిగ్గు వేసింది, అయినా కాదనలేదు. కాదంటే ఊడేది తన ఉద్యోగం.

భోజనానికని ఇంటికి వచ్చింది. పెదనాన్న పెన్షన్ ఆఫీసుకు వెళ్ళారు. వరండాలో లాల్‌ఖదాన్ నుంచి వచ్చిన అమ్మన్న కూర్చుని ఉన్నాడు. పెదనాన్న దగ్గర పాయింట్స్‌మన్‌గా చేసిన ముసలాయన, పట్టాలు మార్చడం ఆయన పని.

"ములక్కాడలు తెచ్చేను పాపా. ముప్పై మూడు," అన్నాడు.

ప్రత్యూషకు ఒళ్ళు మండింది. "ఈ నంబర్ల పిచ్చి పెదనాన్న నీక్కూడా అంటించాడా తాతా?"

"పిచ్చి కాదు తల్లీ. నావల్లే ఒచ్చింది బాబుకి." అమ్మన్న తీరిగ్గా చుట్ట పక్కన పెట్టాడు. "తొంబై నాలుగులో ఓరోజు తొందర్లో, 'పాయింటు తిప్పీ అమ్మన్నా' అనీసి నోటిమాటగా అన్నారు. తిప్పీసేను. రెండు వ్యాగన్లు పట్టా దిగిపోనాయి. ఎవులికీ ఏటీ అవ్వలేదు గానీ, ఆపీసరొచ్చి 'నీకు తిప్పమని ఎవుడు చెప్పేడ్రా' అని నామీద పడ్డాడు. కాయితం నేదు, నంబరు నేదు. పిల్లలు చిన్నోళ్ళు. అయిపోనాననుకున్నాను."

"అప్పుడు?"

"బాబు లేచి 'నేను చెప్పేను, నంబరు ఇవ్వకండా చెప్పేను, తప్పు నాది' అన్నారు. మూడేళ్ళు ప్రమోషన్ ఆపీసేరు. 'నా మాట ఇన్నోడు నా మూలాన ఇరుక్కోకూడదు అమ్మన్నా' అనీసి, ఆ రోజు నుంచీ దేనికైనా నంబరే."

ప్రత్యూష ములక్కాడలు అందుకుంది. "మరి టీకి ఎందుకు తాతా?"

"అలవాటు తప్పిపోతే కావలసిన్రోజుకి నోటికి రాదంట."

నాలుగింటికి తిరుమలరావు తెర మీదికి వచ్చాడు. రాజేంద్ర గొంతు సవరించుకుని, "శ్వేత అని మా దగ్గర ఒకమ్మాయి..." అని మొదలెట్టాడు.

"సార్," అంది ప్రత్యూష. "తెరిచింది నేను. తెరవమని రాజేంద్ర సార్ చెప్పారు. శ్వేతకు దీంతో ఏ సంబంధమూ లేదు."

రాజేంద్ర చుట్టూ చూశాడు. ఆ గదిలో మానేసి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకెవరూ లేరు. "అవును, నేనే చెప్పాను," అన్నాడు నీరసంగా.

తిరుమలరావు కళ్ళజోడు తీశాడు. "ఇన్నేళ్ళ వ్యాపారంలో ఎవర్ని అడిగినా వెళ్ళిపోయినవాళ్ళ పేరే చెప్పారయ్యా. కుర్చీలో ఉన్నవాళ్ళ పేరు వినడం ఇదే మొదలు. శుక్రవారం లోపు అంతా సరిచేసి నాకు చూపించండి."

శుక్రవారం లోపు ప్రత్యూష ఎవరి లాగిన్ వాళ్ళకు ఇచ్చింది, ఎవరి పనికి ఎంత కావాలో అంతే అనుమతి పెట్టింది. ఇద్దరు ఒప్పుకుంటే తప్ప ఏ తలుపూ తెరుచుకోదు. రాజేంద్ర కూడా ఒకర్ని బతిమాలుకోవలసిందే.

ఆదివారం శ్వేత ఫోను చేసింది. లెటర్ అందింది, ఉద్యోగంలో చేరింది.

"కానీ ఇక్కడ మహా చాదస్తం యార్. ఒక ఫైలు తెరవాలన్నా ఇద్దరు సరే అనాలట. మన ఆఫీసే హాయి, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు."

"నిజమే," అని ప్రత్యూష పెట్టేసింది.

పక్కనే పేపరు చదువుతున్న ఆదినారాయణ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అసలు సంగతి ఆ పిల్లకి చెప్పలేదేటి?"

"ఎందుకు పెదనాన్నా? తనకేమీ కాలేదు కదా. నీ సంగతి అమ్మన్న తాత చెప్పేదాకా నువ్వు మాకు చెప్పావా?"

ఆయన పేపరు మడిచారు. ముఖంలో నిజంగానే దిగులు కనిపించింది. "ఆడికి నోరాగదు. ఇన్నాళ్ళూ అందరూ పిచ్చోడనుకునీవోరు, నాకు హాయిగా ఉండీది. ఇప్పుడు మంచోడంటే, ఈ వయసులో నేను మళ్ళీ కొత్తగా ఎక్కడ అలవాటు పడను?"

ఆ భయమేమీ పెట్టుకోవద్దంది ప్రత్యూష. పెద్దమ్మకు కథంతా చెప్పినా ఆవిడ తన అభిప్రాయం మార్చుకోలేదని, వీధిలో మిగతావాళ్ళకు చెప్పినా ఎవరూ నమ్మలేదని చెప్పింది. ఆదినారాయణ గారు మనసు కుదుటపడి, మళ్ళీ పేపరు విప్పుకున్నారు.